రాజలింగం చూపుడువేలు

చూపుడువేలు లేస్తే పేజీ తిప్పాలి. కళ్లు మూసుకుంటే పుస్తకం పక్కన పెట్టాలి. పెదవి ఎడమ చివర కాస్త కదిలితే పుస్తకం బాగుందని. కన్నీళ్లు వస్తే చాలా బాగుందని. అయిదు నెలలుగా రత్నాబాయికీ ఆమె తండ్రి రాజలింగానికీ మధ్య ఉన్న భాష ఇంతే.

జనవరిలో వచ్చిన పక్షవాతం అతని కుడి పక్కనూ నోటి మాటనూ తీసుకుపోయింది. చెప్పేది అర్థమవుతోంది, చూపుకు ఢోకా లేదు అన్నాడు డాక్టరు. చూపుంటే చదువుతాడు. ముప్ఫై ఏళ్లు కామాటిపుర తెలుగు వాచనాలయం నడిపిన మనిషి చదవకుండా ఎలా ఉంటాడు? రోజూ మధ్యాహ్నం రెండింటికి ఆమె వాచనాలయం తలుపు దగ్గరికి వేసి, అలమారాల వెనక తాముండే ఒంటిగది ఖోలీలోకి వచ్చి, తండ్రి మంచం పక్కన స్టూలు మీద కూర్చుంటుంది. ఒళ్లో దిండు, దిండు మీద కొత్త పుస్తకం. అతని ముఖానికి రెండు జానల దూరంలో నిలబెట్టి పట్టుకుంటుంది. చేతులు లాగితే మోచేతులు మోకాళ్ల మీద ఆనించుకుంటుంది. ఆమె పుస్తకం వైపు చూడదు. అతని ముఖం వైపే చూస్తుంది.

పుస్తకం చూసినా లాభం లేదు. రత్నాబాయికి తెలుగు చదవడం రాదు.

ఇంట్లో మాట్లాడేది తెలుగే, కోపమొస్తే నోటికొచ్చేదీ తెలుగే. కాని చదివింది మునిసిపాలిటీ మరాఠీ బడిలో. చాల్‌లో అన్ని ఖోలీల పిల్లలకూ పుస్తకాలు ఏరి ఇచ్చిన తండ్రి తన కూతురి చేత అక్షరాలు దిద్దించాలని ఎన్నడూ అనుకోలేదు. పుస్తకాల మధ్య పెరుగుతున్న పిల్ల, దానికదే వస్తుందనుకున్నాడేమో. రాలేదు. వచ్చిందనే గల్లీ అంతా అనుకుంది. కాదని ఆమె ఎవరికీ చెప్పలేదు. ఆ సంగతి తెలిసినవాడు ఒక్కడే, అతనికి ఇప్పుడు మాట లేదు.

ప్రతి ఏడూ జూన్‌లో కొత్త పుస్తకాల పార్సిలు వస్తుంది. వచ్చిన పదిహేను రోజులకు వార్షిక సభ. అందులో రాజలింగం లేచి నిలబడి ఆ ఏడు ఏరిన పుస్తకాల పేర్లు చెప్పేవాడు. పెద్దలకు నాలుగు, పిల్లలకు నాలుగు, మధ్యవాళ్లకు నాలుగు. మధ్యవాళ్లంటే గొంతు మారుతున్న మగపిల్లలు, అద్దం వదలని ఆడపిల్లలు. వాళ్లకు ఏరడమే కష్టమనేవాడు.

ఈసారి నలభై పుస్తకాలొచ్చాయి. బిల్లు మీద పేర్లు ఇంగ్లీషు అక్షరాల్లో టైపు చేసి ఉన్నాయి. పుస్తకం వెనక ధరనూ బిల్లులో ధరనూ పోల్చి ఏది ఏదో ఆమె కనిపెట్టింది. ఒకే ధర ఉన్నవాటిని విడిగా పెట్టింది. తెలిసిన పేర్లను అట్ట లోపలి వైపు సన్నటి పెన్సిలుతో దేవనాగరిలో రాసుకుంది. రిజిస్టరు కూడా అంతే. జనవరి దాకా తండ్రి గుండ్రటి తెలుగు, ఆ కింది నుంచి ఆమె దేవనాగరి. ఎవరైనా ఆ పేజీ తెరిస్తే చాలు, తెలిసిపోతుంది. అయిదు నెలల్లో ఎవరూ తెరవలేదు. కాని మెట్ల మీద అడుగుల చప్పుడు వినపడ్డ ప్రతిసారీ ఆమె చెయ్యి వెళ్లి రిజిస్టరు అట్ట మీద పడుతుంది.

గురువారం సాయంత్రం ఆ అడుగులు శంకర్రావువి. ఆయన కమిటీ అధ్యక్షుడు. గొడుగు దులిపి గుమ్మానికి తగిలించి, బల్ల ముందు కుర్చీలో కూర్చున్నాడు.

"ఏం రత్నా, లిస్టు తయారైందా?"

"అయితుంది కాకా. బాపు సదువుతుండు."

"మంచిది. ఐతారం నాలుగ్గంటలకు మీటింగు. టీవీల సిన్మా చాలూ అయ్యే లోపల్నే ఖతం జెయ్యాలె, లేకుంటే ఒక్కడు కూసోడు." ఆయన జేబులోని కళ్లజోడు సర్దుకున్నాడు. "ఉత్త పేర్లు జెప్పుడు గాదు బిడ్డా. మీ బాపు లెక్కనే, ఒక్కో వరుసల మొదటి పుస్తకం అర్ధ పేజీ సదివి ఇనిపియ్యాలె."

ఆమె చేతివేళ్లు రిజిస్టరు అంచును పట్టుకున్నాయి.

"కమిటీల కొందరేమంటుండ్రంటే, బుక్కులెవ్వరు సదువుతుండ్రు, కేరం బోర్డులు ఏస్తే పోరగాండ్లన్న ఒక్క తాన పడుంటరు అంటుండ్రు. నువ్వు మంచిగ సదివినవనుకో, మీ బాపు జాగల నువ్వు నక్కీ, పక్కా. ఎనక ఖోలీ గుడ మీదే. లేకపోతే మల్ల నా చేతుల ఏం లేదు."

ఆమె తల ఊపింది. భయం ఆమెకు ఎప్పుడూ కడుపులో మొదలు కాదు. ముందు చెవులు వేడెక్కుతాయి, తర్వాత అరచేతులు తడుస్తాయి. ఖోలీ పోతుందన్నది కూడా ఆ క్షణంలో ఆమెకు తట్టలేదు. నలభై మంది ముందు పుస్తకం తెరిచాక, నోరు తెరవక ముందు ఉండే ఆ రెండు క్షణాలే కనిపించాయి. అవి దాటితే ఏమవుతుందో ఊహకు అందడం లేదు. అక్కడిదాకా వెళ్లి ఆలోచన మళ్లీ మొదటికి వస్తోంది.

అప్పుడే గుమ్మం బయట ఎవరో దగ్గారు. నలభై ఏళ్ల మనిషి. మోకాళ్ల దాకా ఎగ్గట్టిన పంచె, వేళ్ల సందుల్లో ఎండిన సున్నం. చెప్పులు మెట్ల కిందే వదిలినట్టున్నాడు. గడప దాటకుండా నిలబడ్డాడు.

"అమ్మా, కొత్త బుక్కులొచ్చినయంట. ఒకటిస్తవా? సదివి తెచ్చిస్త."

"ఎవరు నువ్వు?" అన్నాడు శంకర్రావు.

"బుచ్చన్న అంటరు శేటు. పాలమూరు దిక్కు మాది. వర్లిల బిల్డింగు పని."

"భాడా పావతి ఉందా? ఖోలీ అద్దె కట్టిన రశీదు. అదున్నోళ్లకే మెంబర్షిప్పు."

"పావతేడిది శేటు. సైటు మీదనే పంటం."

"సైటు అయిపోయినంక గోనెసంచి సదురుకొని ఇంకో దిక్కు పోతవ్. బుక్కు కోసం మేం నీ ఎంట ఉరకాల్నా?"

"ఇచ్చే పోత గదా."

"అందరు గట్లనే అంటరు. ఏమంటవ్ రత్నా?"

శంకర్రావు తాత కూడా ఆ దిక్కు నుంచి గోనెసంచితోనే వచ్చాడని రాజలింగం ఒకప్పుడు నవ్వుతూ చెప్పేవాడు. రత్నాబాయికి ఆ మాట నాలుక చివరిదాకా వచ్చింది. "అవును కాకా, రూలు రూలే" అంది.

బుచ్చన్నకు కోపం వచ్చినట్టు కనిపించలేదు. బల్ల మీది కొత్త పుస్తకాల దొంతర వైపు మెడ సాచి చూశాడు. "ఆరో బావి," అన్నాడు మెల్లగా. "దాని కింద తోకలేని గాలిపటం. ఆ పచ్చది వానాకాలం బడి." అంత దూరం నుంచి, కళ్లు చిట్లించకుండా, బస్సు బోర్డు చదివినట్టు చదివి వెళ్లిపోయాడు.

ఆ మూడింటిదీ ఒకే ధర. రెండు రోజులుగా పేరు తెలియక విడిగా ఉన్నవి. శంకర్రావు గొడుగు తీసుకుని మెట్లు దిగేదాకా ఆగి, ఆమె ఆ పేర్లు మర్చిపోకముందే పెన్సిలుతో రాసుకుంది. రాస్తుంటే తను చేసిన పని ఏమిటో ఆమెకు తెలుస్తూనే ఉంది.

శుక్రవారం బుచ్చన్న మళ్లీ వచ్చాడు. ఏమీ అడగలేదు. గడప బయట నిలబడి అలమారాల మీది పేర్లు వరుసగా చదువుకుని, వాన తగ్గగానే వెళ్లబోయాడు.

"ఏడిదాంక సదివినవ్?" అంది ఆమె.

"అయిదు. మా సారు మంచోడుండె. కరువొచ్చె, ఇటొచ్చినం."

"ఐతారం నాలుగ్గంటలకు మీటింగుంది. మెట్ల మీద నిలబడి ఇనొచ్చు. ఎవ్వరేమనరు."

"నువ్వే సదువుతవా అమ్మా?"

"ఆఁ" అంది రత్నాబాయి.

*

శనివారం మధ్యాహ్నానికి లిస్టు పూర్తయింది. పన్నెండు పేర్లు, మూడు వరుసలు. తండ్రి ముఖం మీద చూసి చూసి ఏరినవి. బొమ్మలున్న వాటిలో పెదవి కదిలినవి పిల్లలకు. తోకలేని గాలిపటం పిల్లల వరుసలో మొదటిది. వేలు త్వరత్వరగా లేచినవి మధ్యవాళ్లకు. కన్నీళ్లు వచ్చినవి పెద్దలకు. వాటిలో మొదటిది ఆరో బావి.

"ఈసారి మీ బాపు దేనికి ఏడ్చిండే?" అంది గుమ్మంలోంచి మల్లవ్వ. పక్క ఖోలీ ముసలామె. రాజలింగం కన్నీళ్ల సంగతి చాల్ అంతటికీ తెలుసు.

"ఈ మందపు పుస్తకానికి."

"మంచిగ ఏడ్చిండా?"

"దిండు తడిసింది."

"అయితే ఐతారం నేను రుమాలు తెచ్చుకుంట." మల్లవ్వ నవ్వుతూ వెళ్లింది.

చదవాల్సిన అర్ధ పేజీ గురించి ఆమె ఒక ఉపాయం అనుకుంది. గొంతు పోయిందని చెప్పి, లిస్టు మాత్రం గుసగుసగా చదివి కూర్చోవడం. నిన్నటి నుంచే అప్పుడప్పుడు దగ్గుతోంది. అయినా పుస్తకాల్లో చీటీలు పెట్టి ఉంచితే చదవబోయినట్టు ఉంటుంది. తండ్రి ఏడ్చిన చోట ఆమె నిన్న పేజీ మూల మడిచింది. చీటీ పెట్టడానికి ఆరో బావి అక్కడ తెరిచింది.

ఏదో తేడాగా ఉంది. ఏమిటో వెంటనే తెలియలేదు. రత్నాబాయికి తెలుగు అక్షరాల గురించి తెలిసింది ఒక్కటే. నెత్తిన చిన్న చిన్న టిక్కులుంటాయి. తలకట్లు అంటారని చిన్నప్పుడు తండ్రి చెప్పాడు. ఈ పేజీలో టిక్కులు కింద ఉన్నాయి.

ఆమె పేజీ తిప్పింది. కిందే ఉన్నాయి. ఇంకోటి తిప్పింది. అడుగున ఉండాల్సిన పేజీ అంకె పైన, తలకిందులుగా ఉంది. బైండింగు చేసినవాడు ఒక ఫారం తిరగేసి కుట్టేశాడు. పదహారు పేజీలు. తండ్రి వాటి దగ్గర ఆగలేదు. ముఖం చిట్లించలేదు. అన్ని పేజీల్లాగే చూశాడు, అన్ని పేజీల్లాగే వేలెత్తాడు. ఏడ్చింది కూడా ఇక్కడే.

ఆమె స్టూలు లాక్కుని కూర్చుంది. ఒళ్లో దిండు పెట్టుకోలేదు. ఆ పేజీనే అతని ముఖం ముందు పట్టుకుంది. ఈసారి ముఖాన్ని కాదు, అతని కళ్లను చూసింది. కళ్లు వరుసల వెంట కదలడం లేదు. పుస్తకం పై అంచు మీదుగా ఆమెనే చూస్తున్నాయి. చేతులు లాగి ఆమె పుస్తకాన్ని కాస్త దించింది. వెంటనే చూపుడువేలు లేచింది.

ఆమె పుస్తకాన్ని తిప్పి, తలకట్లు పైకి వచ్చేలా పట్టుకుంది. వేలు అలాగే లేచింది.

ఆమె చేతులు అలసినప్పుడల్లా వేలు లేచేదని అప్పుడు అర్థమైంది. ఆమె నవ్వుముఖంతో తెరిచిన బొమ్మల పుస్తకాలకు పెదవి కదిలింది. ఆ పొద్దు, ఆరో బావి పట్టుకుని, ఖోలీ పోతే ఎక్కడికి పోతాం బాపూ అని ఆమె అంటే, దిండు తడిసింది.

"బాపూ," అంది. "అక్షరాలు గుడ పోయినయా?"

 రాజలింగం బాగా ఉన్న ఎడమచెయ్యి దుప్పటి అంచును పట్టుకుంది. ఆ పట్టు ఆమెకు తెలుసు. మెట్ల మీద చప్పుడైనప్పుడు రిజిస్టరు మీద తన చెయ్యి పడే తీరే అది. అయిదు నెలలుగా ఒకే భయాన్ని ఇద్దరూ ఒకరికొకరు కనపడకుండా దాచుకున్నారు.

అతను కళ్లు మూసుకున్నాడు. పుస్తకం పక్కన పెట్టాలని అర్థం.

*

ఆదివారం నాలుగింటికి వాచనాలయం నిండింది. పిల్లలు ముందు నేల మీద, ఆడవాళ్లు చాపల మీద, మగవాళ్లు గోడల వెంట. రాజలింగాన్ని నలుగురు కుర్చీతో సహా ఎత్తుకొచ్చి బల్ల పక్కన కూర్చోబెట్టారు. మెట్ల మీద, తలుపు బయట, ఉతికిన చొక్కాతో బుచ్చన్న.

రత్నాబాయి అన్నం తినలేదు. రాత్రంతా దగ్గు సాధన చేసింది. ఇప్పుడు లేచి నిలబడేసరికి ఆ దగ్గు రాలేదు. 

"చాలూ చెయ్ రత్నా, లిస్టు సదువు, టైమైతుంది" అన్నాడు శంకర్రావు.

ఆమె లిస్టు తీసింది. పెద్దలకు, పిల్లలకు, మధ్యవాళ్లకు. పేర్లు చదువుతుంటే తన గొంతు ఎవరిదోలా వినిపించింది. దేవనాగరి కాగితం తనవైపే తిప్పుకుని, అరచేయి అడ్డం పెట్టుకుంది. ఈ పన్నెండూ ఎందుకు ఏరిందో ఇప్పుడు ఆమెకే తెలియదు. తన ముఖాన్ని తానే చదువుకుని లిస్టు రాసింది.

"పెద్దోళ్లది ఎనక. ముందు పోరగాండ్లది సదువు" అన్నాడు శంకర్రావు. "వాళ్లు ఊకుంటలేరు."

తోకలేని గాలిపటం ఆమె చేతికి వచ్చింది. తెరిచింది.

మూడు రోజులుగా ఎదురుచూసిన రెండు క్షణాలు ఇవే. తలకట్లు పైనే ఉన్నాయి. ఆమెకు తెలిసింది అంతవరకే. నల్లటి గుండ్రాలు వరుసకట్టి నిలబడి ఉన్నాయి, ఒక్కటీ ఆమెకు పలకడం లేదు. ఫాక్‌లాండ్ రోడ్డు మీద విక్టోరియా గుర్రబ్బండి గంట మోగింది. ఎవరో పిల్ల ముక్కు ఎగబీల్చింది. రెండు క్షణాలూ దాటిపోయాయి, మూడోది వచ్చింది, నాలుగోది వచ్చింది.

"సదువవేందే?" అంది మల్లవ్వ మెల్లగా.

రత్నాబాయి తండ్రి వైపు చూసింది. అతని వేలు కుర్చీ చేతి మీంచి లేచింది, తిప్పు, తిప్పు అన్నట్టు. ఆమెను ఎలాగైనా ఈ చోటు దాటించాలని అతను చేయగలిగింది అదొక్కటే.

"నాకు రాదు" అంది ఆమె.

"ఏం రాదు?"

"తెలుగు సదువుడు రాదు కాకా. ఎన్నడు రాలే. మరాఠీనే వస్తది. రిజిస్టరు గుడ మరాఠీ అక్షరాలల్లనే రాస్తున్న, సూసుకో." రిజిస్టరు తెరిచి ఆయన ముందుకు తోసింది. తర్వాత పుస్తకం కూడా. "నువ్వన్న సదువు."

శంకర్రావు పుస్తకం పట్టుకుని అటూ ఇటూ చూశాడు. "జోడు ఇంట్ల మర్చిపోయిన."

"జేబుల్నే ఉంది గదా" అంది మల్లవ్వ. గోడ దగ్గర ఎవరో నవ్వి ఆపుకున్నారు. ఆపుకున్నాక ఎవరూ తల ఎత్తలేదు. పుస్తకం తమ దగ్గరికి వస్తుందేమోనని గోడ వెంట ఉన్నవాళ్లంతా పిల్లల వైపు చూడసాగారు. రత్నాబాయి ఆ ముఖాలు చూసింది. ఆ చూపు ఆమెకు కొత్త కాదు.

ఆమె గుమ్మం దగ్గరికి నడిచింది. "లోపలికి రా బుచ్చన్నా."

"మెంబరు గాదు వాడు" అన్నాడు శంకర్రావు.

"బాపు కార్డుంది, నెంబరు ఒకటి. దాని మీద సదువుతడు."

బుచ్చన్న అరచేతులు చొక్కాకు తుడుచుకుని లోపలికి వచ్చాడు. రాజలింగం కుర్చీ పక్కన నేల మీద కూర్చున్నాడు. పుస్తకం మొదటి పేజీ తెరిచి, వరుస కింద వేలు పెట్టుకుని, బడిలో పిల్లవాడిలా గట్టిగా చదివాడు.

"గాలిపటానికి తోక కట్టడం నర్సమ్మకు రాదు. కట్టేవాడు పోయి నలభై రోజులైంది. డాబా గోడ మీద వాడు ఎక్కిన చోట ఎవరో ముగ్గు చెరిపినట్టు సున్నం గీకి ఉంది. సాయంత్రమైతే ఆమె తోకలేని పటాన్ని తీసుకుని పైకి వెళ్తుంది. అది ఎగరదని తెలుసు. ఎగరనంతసేపూ వాడిని కిందికి రమ్మని పిలిస్తే వినపడుతుందని..."

బుచ్చన్న ఆగి ఊపిరి పీల్చుకున్నాడు.

"ఇది పోరగాండ్లదానే?" అంది మల్లవ్వ.

"కాదు" అంది రత్నాబాయి. పిల్లల వరుసలోని మొదటి పేరు మీద అడ్డగీత పెట్టింది. కాసేపు చూసి మిగతా పదకొండు పేర్ల మీదా పెట్టింది. "ఏది ఎవరిదో నాకు తెల్వదు. రోజూ సాయంత్రం ఒకటి సదివిపిస్త. ఇన్నంక మీరే చెప్పుండ్రి, ఏ అలమారల పెట్టాల్నో."

"ఈ సంగతి సోమవారం కమిటీల మాట్లాడుదాం" అన్నాడు శంకర్రావు. రిజిస్టరు మూసి చంకలో పెట్టుకున్నాడు. మెట్ల మీద ఆయన అడుగులు వినపడ్డాయి. ఖోలీ పోవచ్చు. ఆమె చెవులు వేడిగానే ఉన్నాయి. చెయ్యి అలవాటుగా బల్ల మీద రిజిస్టరు కోసం వెతికింది. అక్కడ ఏమీ లేదు.

కింది ఖోలీలో టీవీ మోగింది. సినిమా మొదలవుతోంది. పిల్లలు సగం మంది లేచి పరిగెత్తారు. మగవాళ్లు ఒకరి వెనక ఒకరు జారుకున్నారు. మల్లవ్వ కదల్లేదు. చాపల మీద మరో నలుగురు ఆడవాళ్లు కూడా మిగిలారు.

"ఆపాల్నా అమ్మా?" అన్నాడు బుచ్చన్న.

"సదువు."

అతను చదివాడు. నర్సమ్మ డాబా మెట్లెక్కింది. పక్కింటామె పిలిచింది. నర్సమ్మ పలకలేదు. రత్నాబాయి తండ్రి కుర్చీ పక్కన చతికిలబడి అతని ముఖం చూస్తోంది. పెదవి కదల్లేదు. కన్నీళ్లు లేవు. అతను ఆమెను చూడటం లేదు. బుచ్చన్న నోటినే చూస్తున్నాడు.

చూపుడువేలు లేచింది.

అది బుచ్చన్న చదువుతున్న వరుస వైపు ఉంది. రత్నాబాయి చెయ్యి దానికదే ముందుకు సాగి పేజీ మూల పట్టుకుంది. రాజలింగం ఎడమచెయ్యి వచ్చి ఆ చేతిని పట్టుకుని, పుస్తకం మీద అదిమి, అక్కడే ఉంచింది. పేజీ ఇంకా సగమే అయింది.